పడవలో చేప మెత్తబడకుండా

బహామాస్‌లోని ఎగ్జూమా దీవుల దగ్గర నేనూ మా ఆయనా సెయిల్‌బోట్‌లోనే ఉంటున్నాం. సాయంత్రం పడ్డ చేప, ఐస్ మీద పెట్టినా సరే, పొద్దున పులుసులో వేస్తే ముక్క విడిపోయేది. ఎంత బాధనిపించేదో!

ఇప్పుడు చేప పైకి రాగానే మొప్పల దగ్గర కోసి, తోకకు తాడు కట్టి, సముద్రపు నీళ్ల బకెట్‌లో తలకిందులుగా వేలాడదీస్తున్నాం. పది నిమిషాల్లో నీళ్లు ఎర్రబడి రక్తమంతా దిగిపోతుంది. ఈలోగా కూలర్‌లో రెండు వంతులు చితక్కొట్టిన ఐస్, ఒక వంతు సముద్రపు నీళ్లు పోసి ఉంచుతాం. చేప పూర్తిగా మునగాలి. ఉత్త ఐస్ అయితే అక్కడక్కడే తగులుతుంది, ఈ చల్లటి జావ ఒళ్లంతా పట్టేస్తుంది. మూడు కిలోల మాహి మాహి చేపకి గంట చాలు. తర్వాత పొట్ట శుభ్రం చేసి, తడి లేకుండా తుడిచి, కవర్లో చుట్టి, నీళ్లు వంపేసిన ఐస్ మీద పెట్టేయండి. ట్యాంకులో మంచినీళ్లు ముట్టుకోనక్కర్లేదు.

చేప అప్పటికే గంటల తరబడి ఎండలో డెక్ మీద పడి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. ట్యూనా, మాహి మాహిల్లో అలా చేరే హిస్టమిన్ అనే విషపదార్థం ఎంత ఉడికించినా పోదు. దాన్ని వండకండి.