ఆర్కిటెక్ట్‌ని ఎంతవరకు పెట్టుకోవాలి?

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఇల్లు ఎలా ఉండాలో వేరేవాళ్లు తేలుస్తారు, అది నిలబడేలా చూడటం నా పని. ఆర్కిటెక్ట్‌కి మీరిచ్చే ఫీజులో నాకు పైసా రాదు. అందుకేనేమో, "మేడమ్, మాకు ఆర్కిటెక్ట్ అవసరమంటారా?" అని చాలామంది నన్నే అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఎంతవరకు? గంటసేపు సలహా ఇవ్వడం దగ్గర్నుంచి ఇల్లు పూర్తయ్యేదాకా వెంట ఉండటం వరకు వాళ్ల సేవలో చాలా దశలున్నాయి. అన్నీ కొనాలని లేదు. ఏవి కొనకపోయినా ఫర్వాలేదో తెలిస్తే చాలు.

ఎక్కువమంది దీన్ని ఇంటి సైజును బట్టో చేతిలో ఉన్న డబ్బును బట్టో తేల్చేస్తారు. నేను మాత్రం ఇంకా తేలని నిర్ణయాలు ఎన్ని ఉన్నాయి, వాటిని ఎవరు తీసుకుంటారు అని చూస్తాను. డ్రాయింగ్‌లో లేదని సైట్‌లో పని ఆగదు. మిక్సర్ తిరుగుతుండగా మేస్త్రీయో, కడ్డీలు వంచే బార్ బెండరో, ఎలక్ట్రీషియనో అప్పటికి తోచింది చేసేస్తారు. వాళ్లను ఏమీ అనలేం, ఎవరో ఒకరు తేల్చాలి కదా.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకోండి. రేపు మేస్త్రీ మిమ్మల్ని అడగబోయే ప్రశ్నలు రాయండి. ఈ తలుపు ఏ వైపు తెరుచుకోవాలి? కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి? బాత్రూమ్ స్లాబ్ ఎంత దించాలి? పై అంతస్తు డ్రైన్ పైపు ఎక్కడి నుంచి కిందికి వస్తుంది? మంచం పక్క స్విచ్ ఎక్కడ? మెట్ల కింద తల తగలకుండా ఎంత ఎత్తు మిగులుతుంది? వీటిలో ముప్పావు వంతుకు మీరో, మీ కాంట్రాక్టరో కొలతలతో సహా జవాబు చెప్పగలిగితే తక్కువ సేవ సరిపోతుంది. "అప్పుడు చూసుకుందాంలే" అన్న జవాబులే ఎక్కువైతే, వాటిని తేల్చే మనిషికి డబ్బు ఇవ్వాల్సిందే.

అసలు అవసరం లేని పనులు

ఉన్నచోటే ఉన్నదాన్ని మార్చే పనులకు ఆర్కిటెక్ట్ అక్కర్లేదు. రంగులు, టైల్స్, పాతది ఉన్నచోటే కొత్త కిటికీ, అదే గోడకు కొత్త వంటింటి కప్‌బోర్డులు: వీటికి మంచి పనివాడు, స్పష్టమైన కొలతలు ఉంటే చాలు.

గోడ మీద చెయ్యి పడిందంటే లెక్క మారుతుంది. ఆర్కిటెక్ట్ కంటే ముందు నాలాంటివాళ్లకు ఫోన్ చెయ్యండి. "ఇది నాలుగున్నర అంగుళాల గోడే, పార్టిషనే" అని కొట్టించేస్తుంటారు. పాత ఇళ్లలో సన్నగోడ మీద కూడా బరువు ఆనుకుని ఉండొచ్చు, మందం చూసి చెప్పలేం. గోడను పక్కకు జరపడం కూడా చిన్న విషయమేం కాదు. 3 మీటర్ల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, మీటరు పొడవుకు సుమారు 700 కిలోలు తూగుతుంది, ప్లాస్టర్ అదనం. కింద బీమ్ లేని చోట దాన్ని స్లాబ్ మీద నిలబెట్టే ముందు ఒకరు లెక్క చూడాలి. ఆ లెక్క ఆర్కిటెక్ట్ చెయ్యరు, మాతోనే చేయిస్తారు.

గంట సలహా

ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పనికొచ్చే సేవ ఇంకోటి లేదని నా అభిప్రాయం. జనం దీన్ని పట్టించుకోరు, ఆర్కిటెక్టులూ పెద్దగా ప్రచారం చేసుకోరు. స్థలం కొనే ముందు, పాత ఇల్లు కొనే ముందు, కాంట్రాక్టర్ గీసిచ్చిన ప్లాన్‌కి సరే అనే ముందు గంటకో పూటకో ఫీజు ఇచ్చి ఒకర్ని కూర్చోబెట్టండి. ఈ స్థలంలో మీరు అనుకున్న గదులు పడతాయా, వెలుతురు ఎటు నుంచి వస్తుంది, అదనపు గది కట్టాలా లేక ఉన్న గదుల్నే సర్దుకోవచ్చా అన్నవి ఆ గంటలో చాలావరకు తేలతాయి. "మీరు కట్టాల్సిన పని లేదు, ఈ తలుపు అక్కడికి మార్చండి చాలు" అని చెప్పి పంపిన ఆర్కిటెక్టులు నాకు తెలుసు. పూర్తి ఫీజు కోసం చూసేవాళ్ల నుంచి ఆ మాట రావడం కష్టం.

వట్టి చేతులతో వెళ్లకండి. కొలతలు వేసిన చేతి స్కెచ్, ఫోటోలు, ఇప్పటి ఇంట్లో మిమ్మల్ని విసిగించే విషయాల జాబితా, నిజమైన బడ్జెట్ తీసుకెళ్లండి. బడ్జెట్ తగ్గించి చెబితే చిన్న ఇల్లు గీస్తారు, పెంచి చెబితే కట్టలేని ఇల్లు గీస్తారు.

ప్లాన్ వరకే తీసుకుంటే

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. నా టేబుల్ మీదికి వచ్చే ఇళ్లలో చాలావాటి కథ ఇదే. ప్లాన్, ఎలివేషన్ (ఇల్లు బయటి నుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ), అనుమతికి పెట్టే డ్రాయింగులు తీసుకుని "ఇక కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అని ఆర్కిటెక్ట్‌కి నమస్కారం పెట్టేస్తారు. అనుమతి డ్రాయింగ్ ఆఫీసు అడిగే వాటికి జవాబు చెబుతుంది. చుట్టూ ఎంత వదిలారు, ఎత్తెంత, విస్తీర్ణమెంత అన్నవి అందులో ఉంటాయి. మేస్త్రీ అడిగేవి అందులో ఉండవు. 1:100 స్కేల్‌లో ఒక మీటరు కాగితం మీద ఒక సెంటీమీటరే. అందులో స్విచ్ బోర్డు, పైపు వంపు, కిటికీ అంచు ఎలా చూపిస్తారు?

మెట్లే చూడండి. అనుమతి ప్లాన్‌లో మెట్లు తరచుగా ఒక గుర్తు మాత్రమే, గీతలు లెక్కపెట్టి గీసినవి కావు. అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. ప్లాన్‌లో చూపిన చోటులో 15 మెట్లే పడితే ఒక్కోటి 200 మి.మీ. ఎత్తు వస్తుంది. ముసలివాళ్లకు అది నరకం. 18 వేస్తే సుమారు 167 మి.మీ., ఎక్కడానికి హాయి. కానీ ఆ మూడు మెట్లకి, అడుగు పెట్టే వెడల్పు 250 మి.మీ. చొప్పున, ఇంకో 750 మి.మీ. చోటు కావాలి. అప్పటికి పిల్లర్లు లేచిపోయి ఉంటాయి. ఇక మేస్త్రీ ఏం చేస్తాడు? మెట్లను నిటారుగా చేస్తాడు, లేదా మిగిలిన తేడా అంతా చివరి మెట్టులోకి తోసేస్తాడు. ఒక్క మెట్టు ఎత్తు తేడాగా ఉంటే కాలికి తెలియదు, అక్కడే తూలుతారు. ఒక సెక్షన్ డ్రాయింగ్, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, గీయించి ఉంటే ఇదంతా కాగితం మీదే కనిపించేది.

ఈ దశలో ఆపేయాలనుకుంటే ఆపండి, తప్పేం లేదు. నలుచదరపు మామూలు ఇల్లు, అలాంటివి కట్టి చూపించిన కాంట్రాక్టర్, రోజూ సైట్‌కి వెళ్లే తీరిక మీకు ఉంటే నడుస్తుంది. కాకపోతే మెట్ల సెక్షన్, బాత్రూముల వివరాలు, తలుపులూ కిటికీల పట్టిక, ఈ మూడూ అదనంగా అడిగి తీసుకోండి.

వర్కింగ్ డ్రాయింగులు, కొన్ని సైట్ విజిట్లు

కొత్త ఇల్లు కట్టేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పూర్తి వర్కింగ్ డ్రాయింగులు, అంటే సైట్‌లో పనివాళ్లు చూసి కట్టేలా కొలతలన్నీ ఉన్న డ్రాయింగులు, తీసుకోండి. రోజువారీ పర్యవేక్షణ వద్దనుకుంటే కీలకమైన రోజులకు మాత్రం పిలిపించుకోండి. గోడలూ పిల్లర్లూ ఎక్కడ వస్తాయో నేల మీద మార్కింగ్ వేసిన రోజు, స్లాబ్ కాంక్రీట్ పోసే ముందు రోజు, గోడల్లో పైపులూ వైర్లూ పెట్టి ఇంకా పూడ్చని రోజు, వాటర్‌ప్రూఫింగ్ అయి టైల్స్ వేయని రోజు. వీటన్నిటికీ పోలిక ఒకటే, ఆ మర్నాటి నుంచి లోపలున్నది ఎవరికీ కనపడదు. స్లాబ్‌కి ముందు నేనూ వెళ్తాను, కానీ నేను చూసేది కడ్డీలు. ఫ్యాన్ బాక్సు గది మధ్యలో ఉందా, డ్రైన్ పైపు వెళ్లడానికి స్లాబ్‌లో స్లీవ్ (దారి వదిలే గొట్టం) పెట్టారా అన్నవి నా కళ్లకు ఆనవు, అవి చూసేవాళ్లు వేరే ఉండాలి.

మొత్తం అప్పజెప్పడం

మీరు వేరే ఊళ్లో ఉంటే, స్థలం ఏటవాలుగా ఉంటే, పనిని ముక్కలు చేసి ముగ్గురు నలుగురు కాంట్రాక్టర్లకు ఇస్తే, పాత ఇంటిని విప్పి మారుస్తుంటే పూర్తి సేవే తీసుకోండి. ముఖ్యంగా చివరిది. కొత్త ఇంట్లో అన్నీ ముందే గీయొచ్చు. పాత ఇంట్లో ప్లాస్టర్ ఊడదీస్తేనే నిజం బయటపడుతుంది. ఉంటుందనుకున్న బీమ్ ఉండదు, లేదనుకున్న పైపు ఉంటుంది. డ్రాయింగులు తీసుకుని ఆర్కిటెక్ట్‌ని పంపేసే పద్ధతి అక్కడ పనికిరాదు. విచిత్రం ఏమిటంటే, "చిన్న మార్పులే కదా" అని జనం ఆర్కిటెక్ట్‌ని పూర్తిగా మానేసేదీ అక్కడే.

కాంట్రాక్టర్ "ప్లాన్ ఫ్రీ" అన్నా కంగారు పడక్కర్లేదు. అది గీసినవాళ్లు మీ మనుషులు కారు, కాంట్రాక్టర్ మనుషులు. అది గుర్తుంటే చాలు. ఆ ప్లాన్ పట్టుకుని బయట ఎవరి దగ్గరైనా పైన చెప్పిన గంట సలహా తీసుకోండి.

ఫీజు, ఒప్పందం

ఫీజు మూడు రకాలు: నిర్మాణ ఖర్చులో శాతం, ఒకే మొత్తం, గంటల లెక్క. శాతం అంటే దేని మీద శాతమో రాయించుకోండి. ఫర్నిచర్, లిఫ్ట్, ప్రహరీ అందులో ఉన్నాయా లేదా? చిన్న పనికి శాతం ఎక్కువ అడిగితే మోసం అనుకోవద్దు. గది సగమైందని గీయాల్సిన డ్రాయింగులు సగం కావు.

"ఫుల్ సర్వీస్" అన్న మాటను నమ్మి సంతకం పెట్టకండి, దశల పేర్లు అడగండి. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రిబా 1963 నుంచి ఒక పని ప్రణాళికను ప్రచురిస్తోంది. 2020 కూర్పులో 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలున్నాయి, అవసరం తేల్చుకోవడంతో మొదలై కట్టాక వాడుకోవడం దాకా. మీ ఆర్కిటెక్ట్ అదే పాటించాలని కాదు. అలాంటి జాబితా ఒకటి ముందు పెట్టుకుని "ఇందులో మీరు ఏ దశ నుంచి ఏ దశ వరకు?" అని అడిగితే ఇద్దరికీ స్పష్టత వస్తుంది. ఇచ్చే డ్రాయింగుల జాబితా, ఎన్నిసార్లు మార్చి ఇస్తారు, ఎన్ని సైట్ విజిట్లు, కాంట్రాక్టర్ బిల్లులు ఎవరు చూస్తారు, నా డ్రాయింగుకీ ప్లంబింగ్ డ్రాయింగుకీ పొత్తు కుదిర్చేది ఎవరు అన్నవి కాగితం మీద ఉండాలి. ఆ చివరిది మరిచిపోతే బీమ్ మధ్యలోంచి పైపు పోనివ్వమని నాకు ఫోన్ వస్తుంది.

ప్రతి దశకీ విడిగా డబ్బు, ప్రతి దశ చివరా ఆగే వీలు ఉండేలా రాసుకోండి. అప్పుడు తక్కువతో మొదలుపెట్టి, కష్టమనిపిస్తే పెంచుకోవచ్చు. మధ్యలో ఆపేస్తే ఆ డ్రాయింగులు ఇంకొకరు వాడొచ్చా అన్నది కూడా ముందే తేల్చుకోండి, సాధారణంగా వాటి మీద హక్కు గీసినవాళ్లదే. వాడుకునే అనుమతి, క్యాడ్ ఫైళ్లు (కంప్యూటర్‌లో మార్చుకోగలిగే డ్రాయింగులు), ఆఖరి మార్పులు ఎక్కించిన పీడీఎఫ్‌లు చేతికొచ్చాకే ఆ దశ చివరి వాయిదా ఇవ్వండి.