ఆదివారం వాక్యాన్ని ఫోన్‌లో పంపడం ఎలా?

ఫోన్ పరిచర్య అనగానే చాలా క్రైస్తవ సంఘాలు స్టాండు, రింగ్ లైటు కొని యూట్యూబ్ లైవ్ పెట్టేస్తాయి. చూసేది పదిమంది, ఆ పదిమందీ అప్పటికే మందిరంలో కూర్చున్నవాళ్లే! రాజోలు వైపు మేమూ మొదట అదే చేశాం. నా మాట వింటే లైవ్ పక్కన పెట్టి, పది నిమిషాల ఆడియోతో మొదలుపెట్టండి.

ముందు ఒక నోటుబుక్కు

1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసిన బౌడెన్, బీర్ మిషనరీ దంపతులు ముందు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. మీరు నేర్చుకోవాల్సింది మీ వాళ్ల ఫోన్ల సంగతి. మందిరానికి రాలేనివాళ్ల పేర్లు రాయండి: మంచం పట్టిన మామ్మగారు, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన చెల్లి, వరదొస్తే పడవే దిక్కైన లంకవాళ్లు. ఎవరిది టచ్ ఫోను, ఎవరిది బటన్ ఫోను, ఎవరు చదవగలరు అన్నది పక్కనే రాసుకోండి. పంపమంటారా అని అడిగాకే పేరు ఎక్కించండి. వద్దన్నవాళ్లను వదిలేయండి.

రికార్డింగ్

మందిరంలో స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయకండి. మనవాళ్లకు మైకులో ఎకో లేకపోతే ప్రసంగం విన్నట్టే ఉండదు గానీ, అదే ఎకో ఫోన్‌లో వింటే ఒక్క ముక్క అర్థం కాదు. ఆరాధన అయ్యాక అయ్యగారిని (పాస్టరుగారిని) ఒక గదిలో కూర్చోబెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బల్ల మీద మడతపెట్టిన తువ్వాలుపై జానెడు దూరంలో ఉంచండి. రేకుల కప్పయితే వాన తగ్గేదాకా ఆగాల్సిందే.

"అందరికీ వందనాలు, ఈ రోజు లూకా 15వ అధ్యాయం" అని నేరుగా మొదలుపెట్టించండి. ప్రకటనలు, కానుకల లెక్కలు ఇందులో వద్దు. అయ్యగారిని పది నిమిషాల్లో ఆపడమే అసలు కష్టం. ఆగకపోతే రెండు భాగాలు చేయండి.

ఎంపీ3లో, 64 కేబీపీఎస్ మోనోగా (మాటలకు సరిపోయే తక్కువ సైజు సెట్టింగు) సేవ్ చేస్తే పది నిమిషాలకు ఐదు ఎంబీ కూడా కాదు.

పంపడం

వాట్సాప్ గ్రూపు వద్దు. అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఆడపిల్లలకు ముక్కూమొహం తెలియనివాళ్ల గుడ్ మార్నింగులు మొదలవుతాయి. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టండి. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు.

ఒక్క మెలిక ఉంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది. మా సంఘంలో ఒక మామ్మగారు నెల రోజులు "ఏమీ రావట్లేదు బాబూ" అంటే నెట్ సమస్య అనుకున్నాం. తీరా చూస్తే ఆవిడ ఫోన్‌లో నా నంబరే లేదు. అప్పట్నుంచి ఇంటికెళ్లి నేనే సేవ్ చేసి వస్తున్నా.

కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. పని అయ్యాక ఏ రాత్రో వింటారు, వీడియో కాల్ అని ఇబ్బంది పెట్టకండి. అక్కడ మత ప్రచారంపై చట్టాలు కఠినం, ఫార్వర్డ్ చేయమని అసలే అడగొద్దు.

బటన్ ఫోన్లకు మెమరీ కార్డే మార్గం. 8 జీబీ కార్డులో ఇలాంటి ఆడియో రెండొందల గంటలకు పైనే పడుతుంది. కొన్ని ఫోన్లలో తెలుగు పేర్లు డబ్బాల్లా కనబడతాయి కాబట్టి ఫైళ్లకు 01, 02 అని నంబర్లు పెట్టండి.

జవాబులు

ప్రార్థన విన్నపాలు విడిగా, వాయిస్ మెసేజ్‌లో మీకే పంపమనండి. ఎవరి రోగమూ, ఎవరి అప్పూ పేరుతో సహా ఇంకెవరికీ పంపకండి. సోమవారం పొద్దున్నే ఆ వాయిస్ మెసేజ్‌లు మొదలవుతాయి. సగం ప్రార్థన గురించి, సగం మోకాళ్ల నొప్పుల గురించి, మధ్యలో కోడి కూత. చివరిదాకా వినండి, అసలు విషయం చాలాసార్లు ఆఖర్లోనే చెబుతారు.