కాలేజీ పాయింట్ గార్డ్ ఎన్‌బీఏలో నిలబడతాడా? తేల్చుకోవడం ఎలా

జూన్‌లో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడిందంటే చాలు, ఏటా ఇదే తంతు. రెండు నిమిషాల హైలైట్స్ చూసి ఫలానా కుర్రాడికి తిరుగులేదని తేల్చేస్తారు. హైలైట్స్‌లో ప్రతి బంతీ బుట్టలో పడుతుంది, ప్రతి పాసూ చేరుతుంది. జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డ్ సంగతి బయటపడేది ఏదీ కలిసిరాని రోజునే.

కావలసినవి: అయిదు పూర్తి మ్యాచ్‌ల రికార్డింగులు, ఒక నోటుపుస్తకం. వాటిలో రెండు ఓడిన మ్యాచ్‌లు ఉండాలి, ఒకటైనా ప్రత్యర్థి సొంత కోర్టులో జరిగినది కావాలి. మనకు తెల్లవారుజామున వచ్చే ప్రత్యక్ష ప్రసారం నిద్రకళ్లతో చూసి తీర్పు చెప్పవద్దు. శబ్దం తీసేయండి. వ్యాఖ్యాతలు బంతి వెంట పోతారు, మీకు బంతితో పెద్దగా పని లేదు. కంప్యూటర్‌లో పట్టికలు వద్దు, చేత్తోనే రాయండి. ఇందులో చర్చకు తావు లేదు.

1. ముందు వయసు రాసుకోండి. 2010–11లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆటగాడు జిమ్మర్ ఫ్రెడెట్ మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. అప్పటికి అతను నాలుగో ఏడాది విద్యార్థి, 22 ఏళ్లవాడు. డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంపికైనా ఎన్‌బీఏలో కుదురుకోలేకపోయాడు. 19 ఏళ్లవాడి 18 పాయింట్లు నా లెక్కలో అంతకంటే ఎక్కువ.

2. తర్వాత ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డులేకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు. మూడు పాయింట్ల గీత కాలేజీలో 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాల దూరంలో ఉంటే, ఎన్‌బీఏలో బుట్టకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలకు జరుగుతుంది. ఫ్రీ త్రో గీత మాత్రం రెండు చోట్లా 15 అడుగులే. అందుకే ఆ అంకె అబద్ధం చెప్పదు. లాంజో బాల్ కాలేజీ రోజుల్లో, యూసీఎల్‌ఏలో మూడు పాయింట్ల షాట్లు 41 శాతం వేశాడని అందరూ మురిసిపోయారు, ఫ్రీ త్రోలు 67 శాతమేనన్నది పట్టించుకోలేదు. ఎన్‌బీఏ మొదటి ఏడాదిలో అతని మూడు పాయింట్ల షాట్లు 30 శాతం చిల్లరకు పడిపోయాయి.

3. అసలు పని ఇది. మిగతావన్నీ తప్పినా ఫరవాలేదు, ఇది తప్పితే అంతా తప్పినట్టే.

పిక్ అండ్ రోల్ జరిగే సందర్భాలన్నీ వెతకండి. జట్టులోని పొడవాటి ఆటగాడు, సెంటర్, వచ్చి గార్డ్‌ను కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడతాడు, గార్డ్ ఆ పక్కనుంచి దూసుకెళ్తాడు, సెంటర్ బుట్ట వైపు తిరుగుతాడు. అందరి కళ్లూ ఈ ఇద్దరి మీదే ఉంటాయి. మీరు మాత్రం అవతలి మూలలో షూటర్‌ను కాస్తున్న డిఫెండర్ పాదాలు చూడండి. సెంటర్‌ను ఆపడానికి అతను లోపలికి ఒక అడుగు వేస్తాడు. ఆ అడుగు దగ్గర వీడియో ఆపి, అక్కడినుంచి నెమ్మదిగా నడపండి. మామూలు గార్డ్ ఆ అడుగు చూశాక డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ నడపడం) ఆపి, బంతిని రెండు చేతులతో పట్టుకుని, అప్పుడు మూలకు విసురుతాడు. ఈలోపు డిఫెండర్ తన చోటికి చేరుకుంటాడు. మంచి గార్డ్ ఆ డిఫెండర్ పాదం నేలకు ఆనకముందే డ్రిబుల్‌లోంచే ఒంటిచేత్తో పంపిస్తాడు. గొప్పవాడు ఇంకో మెట్టు పైన ఉంటాడు: సెంటర్ వైపే చూస్తూ ఆ అడుగు తానే వేయిస్తాడు, కబడ్డీలో ఎదురుగా ఉన్నవాడి మీదికి చెయ్యి చాపుతూనే మూలనున్నవాడిని ముందుకు లాగే రైడర్‌లాగా.

ఇక్కడ అసిస్టులు, అంటే బుట్టలో పడిన షాట్‌కు ముందటి పాసులు, లెక్కపెట్టకండి. షూటర్ గురి తప్పితే ఆ పాసుకు అంకెల్లో చోటుండదు, తప్పు మాత్రం గార్డ్‌ది కాదు. బంతి షూటర్ ఛాతీ ఎత్తున అందిందా, మోకాళ్ల దగ్గర అందిందా అన్నది రాసుకోండి. కుడివైపు వెళ్లినప్పుడు చేసేది ఎడమవైపూ చేస్తున్నాడా చూడండి. చాలామంది కాలేజీ గార్డ్‌లు ఒక వైపే పండితులు.

ఇంకో మెలిక ఉంది. ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ దగ్గరగా కాయకుండా బుట్ట ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. కాలేజీలో ఆ నిబంధన లేదు. అందుకే అక్కడ సాయానికి వచ్చే డిఫెండర్ ముందే బుట్ట ముందు పాతుకుపోయి ఉంటాడు. నిలబడి ఉన్నవాడిని చూసి పాస్ ఇవ్వడం ఎవరికైనా వస్తుంది. ఎన్‌బీఏలో ఆ సాయం ఆలస్యంగా, మెరుపు వేగంతో వస్తుంది. కాబట్టి డిఫెండర్ కదులుతూ వచ్చిన సందర్భాలనే లెక్కలోకి తీసుకోండి, మిగతావి కొట్టేయండి. అయిదు మ్యాచ్‌లలో ఇవి ఎన్నో దొరకవు. దొరకకపోతే ఆరో మ్యాచ్ చూడండి, ఊహించి రాయవద్దు.

డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే చికాగో కంబైన్‌లో టేపు పట్టుకుని ఎత్తూ, చేతుల చాపూ కొలిచేవాళ్లకు ఈ ఓపిక ఉండదు. జేలెన్ బ్రన్సన్ విలనోవా యూనివర్సిటీ జట్టుతో 2016, 2018లలో రెండు జాతీయ టైటిళ్లు గెలిచాడు, 2018లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు. అయినా ఎత్తు చాలదు, ఎగరలేడు అనుకున్నారు. డ్రాఫ్ట్‌లో 33వ స్థానం దాకా ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు న్యూయార్క్ నిక్స్‌కు అతనే కెప్టెన్. టేపు అతని పాదాల లయను కొలవలేదు.

4. బంతి ప్రత్యర్థికి పోగొట్టుకోవడాన్ని టర్నోవర్ అంటారు. వాటిని రెండు రకాలుగా విడగొట్టండి. డ్రిబుల్‌లో బంతి లాక్కోనిచ్చాడా, ఎవరూ చూడని సందులోకి పాస్ వేయబోయి పోగొట్టాడా? మొదటిది రోగం, రెండోది చాలాసార్లు ప్రతిభ. ట్రే యంగ్ 2017–18లో ఓక్లహోమా యూనివర్సిటీకి ఆడుతూ పాయింట్లు, అసిస్టులు రెండింటిలోనూ దేశంలో మొదటివాడయ్యాడు, టర్నోవర్లూ కుప్పలుగా చేశాడు. అవి ఎక్కువగా రెండో రకానివే.

5. డిఫెన్స్‌కు పది నిమిషాలు చాలు. గార్డ్ ఎవరినో కట్టిపడేయాలని ఆశించకండి. అడ్డు తగిలాక మళ్లీ తన మనిషి వెంట పడుతున్నాడా, లేక చేతులు దించి సెంటర్ వైపు చూస్తున్నాడా? రెండోదే ఎక్కువగా కనిపిస్తే అతని పేరును మీ నోటుపుస్తకంలో డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పేజీలోంచి రెండో రౌండ్ పేజీకి మార్చండి.