మన పంట కాలువ ఎంత శుభ్రంగా ఉందో రొయ్యల చెరువు కిట్‌తో తెలుసుకోవడం ఎలా

లాక్‌డౌన్‌లో కాలువలు బాగుపడ్డాయని మన గోదావరి డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. నేనూ చూశాను. 2020 మార్చి 25న అన్నీ మూతపడ్డాక కొద్ది రోజులకే ఉండి కాలువలో తేలే చెత్త పలచబడింది, వంతెన మీద నిలబడితే వాసన రాలేదు. కానీ ఎంత బాగుపడింది అంటే అంకె చెప్పగలిగే ఊరు నాకింతవరకు కనబడలేదు. భీమవరం దగ్గర ఆక్వా ల్యాబులో నీళ్లు పరీక్షించడం నా పని. చెరువు నీళ్ల లెక్కలు వారం వారం పుస్తకంలో ఎక్కుతాయి. మనం తాగే మంచినీళ్ల చెరువు నింపే పంట కాలువకు మాత్రం ఒక్క పేజీ కూడా ఉండదు. ఆ పేజీ ఇవాళే మొదలుపెట్టండి. ఎలాగో చెబుతాను.

ముందు ఆ రోజుల్లో ఏం ఆగిందో, ఏం ఆగలేదో తెలియాలి. ఇళ్ల మురుగు ఆగలేదు, పొలాల్లోంచి దిగే ఎరువూ మందూ ఆగలేదు. ఆగినవి హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, సంతలు. పెళ్లిళ్ల సీజన్లో వంతెన పక్కన గుమ్మరించే విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, కోడి వ్యర్థాలు ఒక్కసారిగా లేకుండా పోయాయి. దీన్నిబట్టి నాకు గట్టిగా అనిపించేది ఏమిటంటే, కాలువను తిరిగి తెచ్చుకోవడానికి ఊరంతా తాళం వేసుకోనక్కర్లేదు, కొన్ని చోట్ల గుమ్మరింపు ఆపితే చాలు.

గాలి సంగతి వేరు. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం రోజూ వదిలే కార్బన్ డయాక్సైడ్, 2019 రోజువారీ సగటుతో పోలిస్తే 17 శాతం తగ్గింది. అయినా వాతావరణంలో అప్పటికే పేరుకున్న మోతాదు ఆ ఏడాది కూడా పెరిగింది. కాలువ అలా పేరుకునేది కాదు. ధవళేశ్వరం నుంచి ఎప్పటికప్పుడు కొత్త నీరు వస్తుంది కాబట్టి, పోయడం ఆపితే రోజుల్లోనే తేడా కనబడుతుంది.

కావలసిన సామాను మన దగ్గరే ఉంది. ఆక్వా మందుల షాపులో ఆక్సిజన్ కిట్, పీహెచ్ కిట్, అమ్మోనియా కిట్ దొరుకుతాయి. రొయ్యల చెరువున్న ఏ ఇంట్లో అడిగినా ఇస్తారు. వీటిలో ఒక్కటే కొనగలిగితే ఆక్సిజన్ కిట్ కొనండి. నీళ్లలో కుళ్లే సరుకు అందులో కరిగిన ఆక్సిజన్‌ను తినేస్తుంది, అందుకే ఆక్సిజన్ తగ్గితే మురికి పెరిగినట్టు.

నీళ్లు పట్టడంలోనే సగం పని ఉంది. ఊరికి ఎగువన ఒక చోటు, ఊరు దాటాక దిగువన ఒక చోటు ఎంచుకోండి. ఏడాదంతా అవే చోట్లు, అదే వేళ. తెల్లవారుజామున వెళ్లండి. మధ్యాహ్నం ఎండకు నాచు ఆక్సిజన్ వదులుతుంది, అప్పుడు పడితే మురికి కాలువ కూడా మంచి అంకె చూపిస్తుంది. గట్టు వారన నిలవ నీరు కాకుండా, పారే చోట మోచేతి లోతున గాజు సీసా ముంచి, నీళ్లలోనే మూత పెట్టండి. పైకి తీశాక తలకిందులు చేసి చూడండి. చిన్న గాలి బుడగ కనబడినా పారబోసి మళ్లీ పట్టండి.

వెంటనే గట్టు మీదే మొదటి రెండు మందులు కిట్ కాగితంలో చెప్పినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి తిప్పండి. సీసాలో మేఘం కమ్మినట్టు గోధుమ రంగు మడ్డి లేస్తుంది. అది ఎంత ముదురుగా ఉంటే ఆక్సిజన్ అంత ఎక్కువ. తెల్లగా వచ్చిందంటే ఆక్సిజన్ దాదాపు లేనట్టే. మడ్డి కిందికి దిగాక యాసిడ్ వేస్తే కరిగి పసుపు రంగు తేలుతుంది. దానికి పిండి ద్రావణం కలిపితే నీలమవుతుంది. చివరి మందు చుక్క చుక్కగా వేస్తూ, నీలం పూర్తిగా పోయేదాకా లెక్కపెట్టండి. ఎన్ని చుక్కలకు ఎన్ని మిల్లీగ్రాములో కిట్ కాగితంలోనే ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పరీక్ష చేసిన నీళ్లు కాలువలో పోయకూడదు, మూతున్న డబ్బాలో పోగుచేసి ల్యాబుకు ఇవ్వండి.

లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటే స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న కనీస ఆక్సిజన్ అందినట్టే. 4 కంటే తగ్గితే చేపకూ కష్టమే. అయితే అసలు చూడవలసింది ఎగువ అంకెకూ దిగువ అంకెకూ మధ్య తేడా. ఎగువన 6 ఉండి దిగువన 4 వస్తే, ఆ రెండూ మన ఊరే తినేసింది.

ఇంకొంచెం ఓపిక ఉంటే అదే చోట రెండు సీసాలు పట్టండి. ఒకటి అప్పుడే పరీక్షించి, రెండోది నల్లగుడ్డ చుట్టి ఇంట్లో చల్లని మూల మూడు రోజులు ఉంచి పరీక్షించండి. ఎంత తగ్గిందో అంత కుళ్లే సరుకు ఆ నీళ్లలో ఉందన్నమాట. ల్యాబుల్లో 27 డిగ్రీల దగ్గర ఇదే పద్ధతి పద్ధతిగా చేస్తారు. ఇంట్లో వచ్చేది ఉజ్జాయింపు అంకే, నెలనెలా పోల్చుకోవడానికి పనికొస్తుంది.

నీళ్లు తేటగా ఉంటే శుభ్రమని మాత్రం అనుకోకండి. కేరళలో వెంబనాడ్ సరస్సును ఉపగ్రహ చిత్రాలతో చూస్తే, లాక్‌డౌన్‌లో నీటిలో తేలే రేణువులు సగటున 15.9 శాతం తగ్గాయి. అక్కడ పడవలు, జనం ఆగిపోయారు కాబట్టి ఆ లెక్కకు అర్థముంది. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో ఎర్ర నీరు దిగితే, చెరువులో ముంచే నలుపు తెలుపు సెచ్చి పళ్లెం జానెడు లోతుకే కనబడకుండా పోతుంది. అది వరద మట్టి, ఊరి మురికి కాదు. మార్చి నీళ్లు ఎలాగూ తేటగానే ఉంటాయి, లాక్‌డౌన్ వచ్చిందీ ఆ రోజుల్లోనే. అందుకే ఈ మార్చిని వచ్చే మార్చితో పోల్చండి, ఆగస్టుతో కాదు. పుస్తకంలో తేదీ, వేళ, వాన పడిందా, లాకుల దగ్గర నీరు ఎంత వదిలారు, ఆ వారం ఊళ్లో పెళ్లిళ్లున్నాయా అన్నవి కూడా రాయండి. కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగి లస్కర్‌ను అడిగితే నీటి సంగతి చెబుతాడు. మా లస్కర్ బాబాయ్ అయితే, "అమ్మాయ్, వంతెన కింద కాదు, తూము పక్కన పట్టు, అక్కడే మీ బండారం బయటపడుతుంది" అన్నాడు. ఆయన చెప్పిన చోటే దిగువ అంకె అన్నిటికంటే తక్కువ వచ్చింది.

ఇక అన్నిటికంటే విలువైన పని వేసవిలో, కాలువలు కట్టేసినప్పుడు. నీరు దిగిపోయాక పొద్దున్నే గట్టు దిగి ఊరి పొడవునా నడవండి. ఏడాదంతా నీటి కింద దాక్కున్న గొట్టాలన్నీ అప్పుడు బయటపడతాయి. మరుగుదొడ్డి గొట్టం, హోటల్ గొట్టం, మురుగు కోడులోకి వదలాల్సిన చెరువు నీళ్లను పంట కాలువలోకే తిప్పిన గొట్టం. ఒక్కొక్కటీ ఫోటో తీసి, పక్కనున్న కొబ్బరి చెట్టో, కరెంటు స్తంభమో గుర్తుగా రాసుకోండి. మనుషుల పేర్లు రాయకండి. పేరు పడితే తగవు మొదలవుతుంది, గొట్టం అక్కడే ఉంటుంది. ముందు ఆ ఇంటికే వెళ్లి మర్యాదగా ఫోటో చూపించండి. చాలామంది తమ గొట్టం ఎక్కడ తేలుతుందో చూసి ఉండరు.

తర్వాత పుస్తకం, ఫోటోలు పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. మనకు కావలసినవి రెండే అడగండి: ఫంక్షన్ హాలు చెత్త పంచాయతీ బండికే ఇవ్వాలని తీర్మానం, మంచినీళ్ల చెరువు తూముకు ఎగువనున్న గొట్టాలను మురుగు కోడు వైపు మళ్లించడం. కాలువ ఎండి ఉండగానే మళ్లింపు పని సులువు. జూన్‌లో నీరు వదిలాక మళ్లీ ఏడాది ఆగాలి, అందుకని సభ కాలువ కట్టేసిన నెలలోనే పెట్టించమని సర్పంచిని ముందుగానే అడిగి ఉంచండి.