కలంకారీ పూల ఈస్టర్ గుడ్లు: కడప ఎండలో వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా కావచ్చు. 2026లో ఏప్రిల్ 5న వచ్చింది. ఎప్పుడు వచ్చినా కడపలో అప్పటికే ఎండ ముదిరి ఉంటుంది. గుడ్ల అలంకరణ నేర్పే వీడియోలు చాలావరకు చలిదేశాలవి. వాటిలో చెప్పినట్టు ఇక్కడ చేస్తే పని చెడడం ఖాయం. గుడ్డు పెంకు మీద అంటించే బట్ట మాత్రం మనదే: కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ.

బట్ట ముడతలు పడుతోంది

చదునైన బట్ట అన్ని వైపులా వంపు తిరిగిన గుడ్డుకు అతుక్కోదు. నిలువు పోగు సాగదు, అడ్డ పోగూ సాగదు. కాబట్టి గుడ్డు మొత్తాన్ని బట్టతో చుట్టే ఆలోచన మానుకోండి. పువ్వు ఒకటి, మొగ్గ ఒకటి, ఆకు ఒకటి విడివిడిగా కత్తిరించి, గుడ్డు మీద తీగలా పేర్చండి. పువ్వు రూపాయి బిళ్లకు మించకూడదు. దుప్పటి మీది పెద్ద పూలు పనికిరావు, జాకెట్టు గుడ్డల్లోని సన్నపూలు సరిపోతాయి. దర్జీని అడిగితే పీలికలు ఊరికే ఇస్తారు. పట్టీగానే అంటించాలంటే బట్టను ఐమూలగా కత్తిరించండి, అప్పుడు కాస్త సాగుతుంది.

అంత మంచి బట్టను ముక్కలు చేస్తారా అని ఇంట్లో పెద్దవాళ్లు గొణిగితే ఈ సంగతి చెప్పండి. మన కోరమండల్ తీరపు పూలబట్టలకు యూరప్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, తమ నేతకు దెబ్బ అని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. యూరప్ ఆడవాళ్లు ఆ బట్టలోని పూలను కత్తిరించి తెల్లబట్ట మీద కుట్టుకునేవారు. మనం చేస్తున్నదీ అదే పని.

రంగు పెంకు మీదికి దిగింది

అసలు కలంకారీ అంత తేలిగ్గా రంగు వదలదు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో అద్ది రంగునీళ్లలో ఉడికించి ఎరుపు తెస్తారు. ఆ పేరుతో బజారులో దొరికేవాటిలో చాలావరకు రసాయన రంగులతో వేసిన స్క్రీన్ ప్రింట్లు. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్ట వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందనే మాట నమ్మకండి. అంటకపోయినా ఒకసారి ఉతికి గంజి వదిలించండి, గంజి ఉంటే జిగురు పట్టదు.

అంచులు లేస్తున్నాయి

ఇది పూర్తిగా మన వాతావరణం పని. పొడిగాలికి ఫ్యాను గాలి తోడై, బట్టలోకి ఇంకేలోపే జిగురు పైన పొర కడుతుంది. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి కూర్చోండి. ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి పెంకుకూ పూయండి, అతికించాక బట్ట పైనా పూయండి. తడి వేలితో నడిమి నుంచి అంచుకు నొక్కుతూ వెళ్లండి. నీడలోనే ఆరనివ్వండి. మైదా జిగురు చవకే, కానీ చీమలకు విందు.

వాసన వస్తోంది

ఉడికించిన గుడ్డును అలంకరించి రోజుల తరబడి ఉంచితే రాకేం చేస్తుంది? పచ్చి గుడ్డును సబ్బునీళ్లతో కడిగి, రెండు కొనల్లోనూ దబ్బనంతో బెజ్జం పెట్టి, లోపలి సొన చిదిమి ఊదేయండి. పెంకు లోపల నీళ్లు పోసి గిలకరించి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టండి. సొనను వెంటనే బాగా ఉడికేలా అట్టు వేసుకోండి. తినే గుడ్లకు జిగురు తగలనివ్వకండి. ఉడికించిన గుడ్డు ఈ ఎండల్లో గంటకు మించి బయట ఉండకూడదు.

గుడ్లు వేలాడదీసిన కొమ్మ వాడిపోయింది

పచ్చి వేపకొమ్మ సాయంత్రానికే తల వాల్చేస్తుంది. చీనీ (బత్తాయి) తోటల్లో నరికి పడేసిన ఎండుకొమ్మ తెచ్చి, ముళ్లు తీసి, సున్నం పూసి, ఇసుక నింపిన ఇత్తడి చెంబులో నిలబెట్టండి. ఖాళీ పెంకులు గాలికి గిరగిర తిరిగి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. దారాల పొడవు మార్చి ఎత్తుపల్లాలుగా కట్టండి, ఫ్యాను కింద మాత్రం పెట్టకండి. కింద నాపరాళ్ల బండలు, పడితే ఒక్కటీ మిగలదు.

ఇల్లు చేనేత ఎగ్జిబిషన్‌లా ఉంది

కర్టెన్లు, దిండు గలీబులు, బల్లగుడ్డ, గుడ్లు అన్నిటికీ అదే ప్రింటు వాడితే కలంకారీ ముదురు ఎరుపూ నలుపూ కలిసి గదిని చీకటి చేస్తాయి. గుడ్ల మీద పూలుంటే బల్ల మీద ఉత్త తెల్లపంచె పరవండి. పక్కన ఒక గ్లాసులో నాలుగు తెల్ల లిల్లీలు పెడితే చాలు. లిల్లీలు దొరకకపోతే మల్లెలు.