నీళ్లలో ఆగిన కారు: సెల్ఫ్ కొట్టకముందు చూడాల్సింది, స్టార్ట్ అయ్యాక కూడా వదలకూడనిది

పెద్ద వాన పడి అండర్‌పాసుల్లో, కాలనీ రోడ్ల మీద నీళ్లు నిలిచాయంటే మర్నాడు మెకానిక్ షెడ్డు ముందు కార్లు వరస కడతాయి. వాటిలో చాలా ఇంజిన్లు నీళ్లలో ఆగినప్పటికి బాగానే ఉండి ఉంటాయి. ఆగాక మళ్లీ సెల్ఫ్ కొట్టడంతో పోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ల ముందు ఆపి ఉంచిన కార్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. అలాంటి కారులో సీట్లు, వైరింగ్, కంప్యూటర్ పోతాయి. కానీ తాళం తిప్పకుండా షెడ్డుకు తెస్తే ఇంజిన్ దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్లు చేరినా అక్కడే నిలిచి ఉంటాయి, అంతే. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ను అడుగున తిరిగే ఇరుసుకు (క్రాంక్‌కు) కలిపేది కనెక్టింగ్ రాడ్. ఆ రాడ్ వంగాలంటే ఇంజిన్ తిరగాలి.

నీళ్లలో వెళ్తుండగా ఉన్నట్టుండి ఆగిపోయింది

ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్ దారిని. గాలి పీల్చే గొట్టం మూతి చాలా కార్లలో హెడ్‌లైట్ వెనకో, రేడియేటర్ పైనో ఉంటుంది. నిలిచిన నీళ్లు అంత ఎత్తు లేకపోయినా ఎదురుగా బస్సో లారీయో వచ్చిందంటే ఆ అల బోనెట్ దాకా లేస్తుంది. సైలెన్సర్‌లోకి నీళ్లు పోకూడదని యాక్సిలరేటర్ బలంగా తొక్కేవాళ్లున్నారు. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అంత బలంగా పీలుస్తుంది. మూతి దగ్గర నీళ్లుంటే నీళ్లనే పీలుస్తుంది.

ఎన్ని నీళ్లు పోతే ప్రమాదమో లెక్క వేసి చూడండి. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ 10:1 (అంటే లోపలి గాలిని పదో వంతు చోటులోకి నొక్కడం) అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు సుమారు 33 సీసీ. అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త ఎక్కువ. 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్‌లో 16:1 అయితే 25 సీసీయే. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ చోటు కన్నా నీళ్లు ఎక్కువైతే పిస్టన్ పైకి పోలేదు, కింద నుంచి క్రాంక్ తోస్తూనే ఉంటుంది, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కాబట్టి బండి ఆగితే తాళం గానీ బటన్ గానీ ముట్టుకోవద్దు. 'ఒక్కసారి చూద్దాం' అనుకున్న ఆ ఒక్కసారే రాడ్ వంగేది. తోసి సెకండ్ గేర్‌లో స్టార్ట్ చేయడం అంతకన్నా అన్యాయం. కదిలే బండి బరువంతా ఇంజిన్‌ను తిప్పుతుంది, ఆ బలం ముందు సెల్ఫ్ మోటార్ ఎంత! న్యూట్రల్‌లో పెట్టి గట్టు మీదికి తోయించండి. బోనెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ క్లిప్పులు తీసి, ఫిల్టర్ పేపర్‌ను చేత్తో తడిమి చూడండి. చాలా కార్లలో రెండు నిమిషాల పని, ఎక్కువలో ఎక్కువ ఒక స్క్రూడ్రైవర్ కావాలి. షెడ్డుకు వచ్చినవాళ్లను 'ఫిల్టర్ చూశారా' అని అడిగితే చూశామన్నవాళ్లు అరుదు. బ్యాటరీ చూస్తారు, ఫ్యూజులు చూస్తారు, నలుగురిని పిలిచి తోయిస్తారు, ఆ డబ్బా మూత మాత్రం తియ్యరు.

పేపర్ పొడిగా ఉండి, దాని తర్వాతి గొట్టంలో కూడా తడి లేకపోతే కరెంటు సంబంధమైన సమస్య అయి ఉంటుంది. అది భయపడాల్సినది కాదు. పేపర్ తడిసినా, డబ్బా అడుగున మట్టినీళ్లు కనిపించినా బ్యాటరీ నెగటివ్ తీసేసి టోయింగ్ బండిని పిలవండి. డబ్బా లోపలి తడినీ, బండి మీద నీటి గీతనూ అప్పుడే ఫోటోలు తీసుకుని, విప్పకముందే ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా సొంత బండి నష్టానికీ వర్తించే (కాంప్రహెన్సివ్) పాలసీల్లో వరద నష్టం ఉన్నా, నీళ్లు పోయాక స్టార్ట్ చేసి పాడుచేసిన ఇంజిన్‌కు సాధారణంగా డబ్బు రాదు. దానికోసం ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి.

సెల్ఫ్ కొడితే 'టక్' అని ఆగిపోతోంది

సెల్ఫ్ కొట్టేశారన్నమాట. దీన్ని బ్యాటరీ వీక్ అనుకుని జంప్ కేబుళ్లు వెయ్యడం మామూలు. లోపల నీళ్లు అడ్డుపడి ఇంజిన్ తిరగలేక ఆగింది, దాని మీద ఇంకో బ్యాటరీ బలం చేర్చవద్దు.

పెట్రోల్ బండి అయితే ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ విప్పి, స్పార్క్ ప్లగ్గులన్నీ తియ్యాలి. డీజిల్‌లో గ్లో ప్లగ్గులు (సిలిండర్‌ను వేడెక్కించేవి) గానీ ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) గానీ తియ్యాలి. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. తేలిగ్గా తిరిగితేనే సెల్ఫ్ కొట్టి మిగిలిన నీళ్లు బయటికి చిమ్మనివ్వాలి, ప్లగ్గు రంధ్రాలకు మొహం దూరంగా పెట్టుకుని. ఆ వెంటనే ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోయండి, లేదంటే బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) గోడలు తుప్పు పడతాయి.

టర్బో బండ్లలో ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచేది) గొట్టాలు విప్పకుండా స్టార్ట్ చేయవద్దు. దాని అడుగున నీళ్లు నిలిచి ఉంటాయి. ఐడ్లింగ్‌లో కదలవు. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారిగా లోపలికి పోతాయి.

ఆయిల్ గేజ్ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది

ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. స్టార్ట్ చేయకుండానే ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్‌తో కాసేపు నడిపి, మళ్లీ దించి మార్చాలి. గేరు ఆయిల్ కూడా చూడాలి. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ చల్లటి నీళ్లలో దిగితే బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీళ్లు లాక్కుంటుంది.

స్టార్ట్ అయింది, బాగానే నడుస్తోంది, కానీ...

యజమానినీ మెకానిక్‌నూ కలిపి మోసం చేసేది ఇదే. నీళ్లు తీశారు, ఆయిల్ మార్చారు, ఫిల్టర్ కొత్తది వేశారు. కొంచెం తెల్లపొగ వచ్చి ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకుని బండి డెలివరీ ఇచ్చేస్తారు. నెలో రెండు నెలలో గడిచాక, హైవే మీద మంచి స్పీడులో ఉండగా పెద్ద శబ్దం, కింద రోడ్డంతా ఆయిల్. రాడ్ విరిగి బ్లాక్ పక్కగోడ పగలగొట్టుకుని బయటికి వచ్చి ఉంటుంది. అప్పటికి వాన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయిల్ బాగోలేదంటారు, సర్వీస్ బాగోలేదంటారు.

జరిగింది ఏమిటంటే, నీళ్లు పీల్చిన రోజే ఒక రాడ్ కొద్దిగా వంగింది. విరగలేదు, కాబట్టి ఇంజిన్ తిరుగుతుంది. వంగిన రాడ్ పిస్టన్‌ను ఒక పక్కకు ఒత్తుతుంది, రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోట ఉండే బిగ్‌ఎండ్ బేరింగ్ ఒకవైపే అరుగుతుంది, వంపు దగ్గర ప్రతి చుట్టుకూ లోహం అలసిపోతుంది. ఎక్కడో ఒక చోట పగులు మొదలైతే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే.

దీన్ని ముందే పట్టుకోవచ్చు, ఓపిక ఉంటే. ఐడ్లింగ్‌లో ఇంతకుముందు లేని సన్నటి వణుకు, బరువు మీద లాగేటప్పుడు లోపల నుంచి మెత్తటి టకటక, కాస్త తగ్గిన పికప్. వీటిలో ఒక్కటున్నా ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మూడు సిలిండర్లు సమానంగా వచ్చి నాలుగోది పదో పన్నెండో శాతం తక్కువ చూపిస్తే 'పాత బండి కదా, (పిస్టన్ చుట్టూ ఉండే) రింగులు అరిగి ఉంటాయి' అని వదిలేస్తారు. 73 మిల్లీమీటర్ల బోర్ ఉన్న ఇంజిన్‌లో రాడ్ వంగి 1 మిల్లీమీటర్ పొట్టి అయితే పిస్టన్ పైన చోటు 4 సీసీకి పైగా పెరుగుతుంది. పైన చెప్పుకున్న 33 సీసీ 37 అవుతుంది. గేజ్‌లో కనిపించేది ఆ చిన్న తేడాయే. నీళ్లలో తిరిగిన బండిలో ఒక్క సిలిండరే తక్కువ చూపిస్తే రింగుల మాట ఎత్తకముందు రాడ్ చూడాలి.

చూడటానికి హెడ్ (సిలిండర్ల మీది మూత భాగం) దించనక్కర్లేదు. ప్లగ్గు రంధ్రం గుండా డయల్ గేజ్ (సన్నటి ఎత్తు తేడాలు కొలిచేది) దించి, ప్రతి పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఎక్కడ ఆగుతోందో కొలవండి. రంధ్రం ఏటవాలుగా ఉన్న ఇంజిన్లలో గేజ్‌ను అన్ని సిలిండర్లలో ఒకే కోణంలో పట్టుకోవాలి, లేకపోతే కొలత అబద్ధం చెబుతుంది. ఒకటి మిగతావాటి కన్నా కిందనే ఆగిపోతుంటే ఇంజిన్ విప్పాల్సిందే. హెడ్ తీశాక సాక్ష్యం కంటికే కనిపిస్తుంది. బోర్ పైఅంచున రింగు తాకని చోట మసి పట్టీ ఉంటుంది కదా, మూడింటిలో సన్నగా ఉండే ఆ నల్ల పట్టీ వంగిన రాడ్ ఉన్న బోర్‌లో వెడల్పుగా ఉంటుంది. ఆ పిస్టన్ నీళ్ల రోజు నుంచీ పైదాకా పోవడం లేదు, మసి కింద దాకా పేరుకుంది. అదే పిస్టన్‌ను తీసి పక్కకు తిప్పితే స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద ఒకవైపే మెరిసే గీతలుంటాయి.

వంగిన రాడ్‌ను ప్రెస్ మీద సరిచేసి ఇస్తామనే వర్క్‌షాపులున్నాయి. దయచేసి ఒప్పుకోవద్దు. వంచి మళ్లీ నిటారు చేసిన లోహం మొదటి బలంతో ఉండదు. మిగతావాటి బరువుకు సరిపోయే కొత్త రాడ్, కొత్త రాడ్ బోల్టులు, కొత్త బేరింగులు వెయ్యాలి. పిస్టన్, దాన్ని రాడ్‌కు కలిపే పిన్, బోర్, క్రాంక్ జర్నల్ (రాడ్ పట్టుకునే క్రాంక్ భాగం) కొలిచి చూడాలి. ఖర్చు గట్టిగానే అవుతుంది, నిజమే. బ్లాక్ పగిలితే మాత్రం అది మొత్తం ఇంజిన్ ఖర్చు, ఆ సమయంలో కారులో పిల్లలుంటే ఇంకేం చెప్పాలి.

మిగతావి

స్టార్ట్ అయి మిస్ కొడుతుంటే ప్లగ్గు గుంటల్లో నీళ్లుంటాయి, గాలి పట్టి ఆరబెడితే సరిపోతుంది. కొన్నాళ్లు ఆగి ఉన్న బండిలో క్లచ్ విడవకపోతే ప్లేటు తుప్పుతో అతుక్కుంది. బ్రేకులు పట్టకపోతే నెమ్మదిగా నడుపుతూ తేలిగ్గా నొక్కుతూ ఆరనివ్వండి. చక్రం దగ్గర గుర్రుమనే శబ్దం తర్వాతెప్పుడో మొదలైతే బేరింగ్ మార్చాలి. ట్యాంకులోకి నీళ్లు చేరడం అరుదు, బండి పూర్తిగా మునిగితే తప్ప దాని గురించి టెన్షన్ వద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు మునిగి ఉంటే మీరు గానీ, మామూలు షెడ్డువాళ్లు గానీ చెయ్యి పెట్టకుండా కంపెనీ సర్వీస్‌కే వదిలెయ్యండి.