డబ్బు లావాదేవీలకు డేటాబేస్ రెప్లికేషన్ ఎలా సెట్ చేసుకోవాలి?

ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకోవాలనే రెప్లికేషన్ (ఒకే డేటాను ఒకటికి మించిన సర్వర్లలో ఉంచడం) పెట్టుకుంటాం. డబ్బు దగ్గరికొచ్చేసరికి అది ఒక్కటే చాలదు. కస్టమర్‌కి "చెల్లింపు పూర్తయింది" అని చూపించే సమయానికి ఆ ఎంట్రీ ఎన్ని సర్వర్లలో రాసి ఉందో మీకు కచ్చితంగా తెలియాలి.

1. ముందు డేటాను విడదీయండి. లెడ్జర్‌లో (డబ్బు రాకపోకల పద్దులో) ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు. నోటిఫికేషన్లు, రిపోర్టులు కాస్త ఆలస్యమైనా కొంపలేం మునగవు, వాటికి అసింక్రనస్ (కాపీ తర్వాత నెమ్మదిగా చేరే పద్ధతి) చాలు.

2. లెడ్జర్‌కి సింక్రనస్ (కాపీ చేరాకే "పూర్తయింది" అనే పద్ధతి) పెట్టండి. అసింక్రనస్‌లో ప్రైమరీ (మొదట రాసుకునే ప్రధాన సర్వర్) తన డిస్క్‌లో రాసుకోగానే సరేననేస్తుంది. రెప్లికాకి (కాపీ ఉంచే సర్వర్‌కి) చేరేలోపే ప్రైమరీ పోతే, పూర్తయిందని చెప్పిన చెల్లింపు జాడ కూడా మిగలదు. సింక్రనస్‌లో ఆ టెన్షన్ లేదు గానీ, ప్రతి కమిట్ (మార్పును ఖాయం చేయడం) నెట్‌వర్క్ కోసం ఆగాలి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. రెప్లికా 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లిరావడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా ఇది తగ్గదు. కాబట్టి సింక్రనస్ రెప్లికాలను దగ్గర్లోని వేరే డేటా సెంటర్లలో పెట్టి, దూరంగా ఉన్నదాన్ని అసింక్రనస్‌గా వదిలేయడం నా లెక్కలో మంచిది.

3. సింక్రనస్ రెప్లికా ఒక్కటే ఉంటే, అది ఆగిన రోజు చెల్లింపులన్నీ ఆగుతాయి. రెండు పెట్టి, ఏదో ఒకటి జవాబిస్తే చాలనండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 10వ వెర్షన్ నుంచి ఈ వీలుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో సెమీ-సింక్ (కనీసం ఒక రెప్లికా అందిందని చెప్పేదాకా ఆగే పద్ధతి) వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త: రెప్లికా 10 సెకన్లు పలకకపోతే, డీఫాల్ట్‌గా అది అసింక్రనస్‌కి జారిపోతుంది, అప్లికేషన్‌కి ఆ సంగతే తెలియదు. ఆ టైమౌట్ బాగా పెంచండి, మోడ్ మారిన వెంటనే అలర్ట్ వచ్చేలా చూడండి.

4. డెబిట్‌కి ముందు బ్యాలెన్స్‌ను ప్రైమరీలోనే, ఆ ఖాతా వరుసను లాక్ చేసి (ఈలోగా ఇంకెవరూ మార్చకుండా) చదవండి. వెనకబడిన రెప్లికాను నమ్మితే ఉన్న డబ్బే రెండుసార్లు ఖర్చవుతుంది.

5. ప్రతి చెల్లింపుకీ అప్లికేషన్ వైపు నుంచే ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, టేబుల్‌లో దానికి యూనిక్ నిబంధన (అదే ఐడీని రెండోసారి రాయనివ్వని షరతు) పెట్టండి. కమిట్ మధ్యలో కనెక్షన్ తెగితే డబ్బు కదిలిందో లేదో తెలియదు. అదే ఐడీతో మళ్లీ పంపినా రెండోసారి కోత పడదు.

6. ఫెయిలోవర్‌లో (ప్రైమరీ పడిపోయి రెప్లికా దాని స్థానంలోకి వచ్చేటప్పుడు) పాత ప్రైమరీని పూర్తిగా ఆపాకే కొత్తదానికి పగ్గాలివ్వండి.

చివరగా, టెస్ట్ సర్వర్ల మీద లోడ్ నడుస్తుండగా ప్రైమరీ కరెంటు తీసేయండి. పూర్తయ్యాయని జవాబొచ్చిన ఐడీలన్నీ కొత్త ప్రైమరీలో ఉన్నాయేమో ఒక్కొక్కటీ సరిచూడండి. ఒక్కటి తగ్గినా రెండో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.